చెప్పు పువ్వూ, నా మిక్చరూ

ఆ రోజుల్లో నాకు తెలియని మొక్క భూమ్మీద లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఎమ్మెస్సీ బాటనీ పట్టా చేతికొచ్చిన వేడి ఇంకా తగ్గలేదు. నంద్యాల నుంచి రోజూ బస్సెక్కి ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి పోయి, నాకన్నా కొంచెమే చిన్నవాళ్లయిన పిల్లలకు వేరు, కాండం, ఆకు అంటూ బోర్డు మీద రంగుల సుద్దముక్కలతో బొమ్మలు గీసి చెప్పేదాన్ని. బొమ్మ గీయడం వస్తే మొక్క అర్థమైనట్టేననుకునే వయసు అది. (నిజానికి అప్పటిదాకా నేను సొంతంగా పెంచింది ఒక్క మనీప్లాంటే. దానికి నీళ్లు కూడా మా అమ్మే పోసేది.) వీడియోకాల్ చేసుకునే ఫోన్లు ఇంటింటికీ అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఆ ఫోను, నా పట్టా, మా మేనత్త మొండితనం ఒకే ఇంట్లో చేరడం వల్ల జరిగిన సంగతి ఇది.

మా మేనత్త అంటే మా నాయనకు అక్క. నేను ఆమెను నర్సత్త అనేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. చిన్న వయసులోనే నర్సు చదువు చదివి, మేఘాలయ కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత నంద్యాలలో మా ఇంటికే వచ్చేసింది. వచ్చేటప్పుడు ఒక ఇనప్పెట్టె, రెండు ఉన్ని శాలువలు (నంద్యాలలో వాటితో ఏం చేస్తుందో మాకెవరికీ అర్థం కాలేదు), తడి తువ్వాలులో చుట్టిన ఒక మొక్క తెచ్చుకుంది. పెట్టె సీటు కింద పెట్టిందట గానీ, మొక్కను మాత్రం రైల్లో అన్ని రోజులూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట.

అది స్లిప్పర్ ఆర్కిడ్. దాని పువ్వుకు ముందువైపు ఒక చిన్న సంచి ఉంటుంది, అచ్చం పసిపిల్ల చెప్పు ముందు భాగంలాగా. అందుకే ఇంట్లో దానికి చెప్పు పువ్వు అని పేరు పడింది. ఆ మొక్కను మా అత్తకు ఇచ్చింది ఆమెతోపాటు అదే ఆసుపత్రిలో పనిచేసిన ఆ ఊరి నర్సు. మా ఇంట్లో ఆమెను కొండ సిస్టర్ అనేవాళ్లం. ఇద్దరూ ఒకే క్వార్టర్లో ఉన్నారు, ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకరి జ్వరానికి ఇంకొకరు మేలుకున్నారు. విడిపోయే రోజున కొండ సిస్టర్ తన కుండీలోంచి ఒక పిలక తీసి చేతిలో పెట్టి, "జ్ఞాపకానికి ఇస్తున్నా గానీ, మీ ఊరి ఎండకు ఇది బతకదు, మనసు కష్టపెట్టుకోకు" అందట. మా అత్తకు ఎవరైనా ఒక పని కాదని చెబితే చాలు. "బతికించి పూలు పూయించి నీకు చూపిస్తా" అని చెప్పి రైలెక్కింది.

నా ఉద్యోగం మొదలైన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ కుండీ తెచ్చి నా ముందు పెట్టింది. ఆకులు పసుపుపచ్చగా వాలిపోయి, కుండీ అంచుల మీద పడుకుని ఉన్నాయి.

"నువ్వు చదివింది చెట్ల చదువే గదా. దీనికేమయిందో చెప్పు."

"యాడి మట్టి పోసినావత్తా?"

"మన శేని మట్టే. నల్లరేగడి. పత్తి పండుతాది, మిరప పండుతాది, ఇదొక్కటి పండదా?"

"నీళ్లు?"

"పొద్దునా మాపునా పోస్తాండా. మల్లెచెట్టుకు పోసినట్టే."

కుండీ బోర్లించాను. మట్టి మట్టిలా రాలేదు, కుండీ ఆకారంలోనే ఒక నల్లటి ముద్ద దిగింది. కుళ్లిన వాసన వచ్చింది. కడిగి చూస్తే వేర్లన్నీ మెత్తబడి, పట్టుకుంటే పైతోలు ఊడి దారాలు మిగిలాయి. రెండు పిలకలు, వాటికి నూగుతో ఉన్న గోధుమరంగు వేర్లు కొన్ని, ఇవే ప్రాణంతో మిగిలినవి. నేను గొంతు సవరించుకుని, బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి, నల్లరేగడిలో గాలి ఆడదనీ, ఆర్కిడ్ వేర్లకు నీళ్లతోపాటు ఊపిరి కూడా కావాలనీ, తగిన మిశ్రమం కలిపి పెడితే అదే లేచి కూర్చుంటుందనీ చెప్పాను. మా అత్త అంతా విని, "అయితే కలుపు" అంది. పేషెంటును డాక్టరుకు అప్పగించిన నర్సులాగా చేతులు తుడుచుకుని లోపలికి పోయింది.

అక్కడొక చిక్కుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అత్తకు కొండల నుంచి వీడియోకాల్ వచ్చేది. వాళ్లిద్దరూ హిందీ, ఇంగ్లీషు, ఆ కొండ భాష కలిపి మాట్లాడుకునేవాళ్లు, మాకు సగం అర్థమయ్యేది. ఎన్ని మాట్లాడుకున్నా చివర ఒక ప్రశ్న తప్పనిసరి. "మొక్క ఎలా ఉంది? చూపించు." మా అత్త జీవితంలో అబద్ధమాడి ఎరగదు. అలాంటి మనిషి పట్టపగలు, తల మీద ఫ్యాను గిరగిరా తిరుగుతుండగా, "కరెంటు పోయింది, చీకటిగా ఉండాది, మొక్క బాగుండాది" అని చెప్పి ఫోను పెట్టేసేది. పెట్టేసి, బైబిలు తీసుకుని గదిలోకి పోయి చాలాసేపు బయటికొచ్చేది కాదు.

"ఆమె ఊరి మొక్కే గదత్తా. ఏమేసి పెంచాలో ఆమెనే అడిగితే పోలా?" అన్నాను ఒకసారి.

"నీకు చాతగాకుంటే చెప్పు, నేనే చూసుకుంటా. ఆమెను మాత్రం అడిగేది లేదు."

అలా ఆ మొక్క గురించి తెలిసిన ఒకే ఒక మనిషిని అడిగే దారి మూసుకుపోయింది. మిగిలింది నేను, నా పట్టా.

పాఠ్యపుస్తకం ప్రకారం ఆర్కిడ్లు చెట్ల కొమ్మల మీద బతుకుతాయి, వాటి వేర్లు గాలిలో వేలాడుతూ తేమ పీల్చుకుంటాయి. ఆ బొమ్మ నేను కళ్లు మూసుకుని గీయగలను. కాబట్టి టెంకాయ పీచు, ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులు కలిపి, ఒక తీగబుట్టలో నింపి, మొక్కను అందులో కూర్చోబెట్టి వరండా దూలానికి వేలాడదీశాను. చూడటానికి ఎంతో బాగుంది. ఫోటో తీసి కాలేజీలో పిల్లలకు కూడా చూపించాను. నంద్యాల గాలి దానికి పాఠ్యపుస్తకం చదివి వీచలేదు. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరయ్యేవి. ఆకులు ముడతలు పడ్డాయి. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, ఈ చెప్పు పువ్వు చెట్టెక్కే రకం కాదట. నేల మీద, రాళ్ల సందుల్లో, రాలిన ఆకుల చెత్తలో పెరుగుతుంది. మిగతా ఆర్కిడ్లలాగా నీళ్లు దాచుకునే దుంప కూడా దీనికి ఉండదు. అంటే పూర్తిగా ఎండకూడదు, తడిసి ముద్దగానూ ఉండకూడదు.

"చెట్టు మీద ఉండేదాన్ని నేలలో పెట్టి నేను కుళ్లబెడితిని, నేల మీద ఉండేదాన్ని ఉరేసి నువ్వు ఎండబెడితివి. సరిపాయ," అంది మా అత్త. కోపంగా కాదు, కేసుషీటు చదివినట్టు చెప్పింది.

"చెట్టు మీద ఉండేది కాదత్తా, అదే చెప్తాండా."

"యాడ ఉండేదయినా ఈడ బతకాల. తర్వాత ఏమి చేస్తావో అది చెప్పు."

తర్వాత ఆన్‌లైన్‌లో ఆర్కిడ్ మిక్స్ తెప్పించాను. ఒక పెట్టె వచ్చింది. అందులో దేవదారు జాతి చెట్ల బెరడు పెచ్చులు, తెల్లటి తేలిక గుళికలు, ఒక పొట్లంలో ఎండిన నాచు ఉన్నాయి. మా నాయన ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయినవాడు, దేన్నయినా ముందు బరువు చూస్తాడు.

"చెట్టు బెరడును పార్శిల్లో తెప్పిచ్చుకుంటివా పాపా? సామిల్లు మన వెనక వీధిలోనే ఉండాది గదా."

"అది వేరే బెరడు నాయనా. ఇది కుళ్లదు."

"కుళ్లని బెరడా," అని దాన్ని గౌరవంగా పెట్టెలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఎవరైనా వచ్చి నేనేం చేస్తున్నానని అడిగితే "మా పాప మిక్చర్ చేస్తాంది" అని చెప్పేవాడు. చాలామంది అది తినే మిక్చరనుకుని ఆశగా కూర్చునేవాళ్లు. ఒకరిద్దరికి అమ్మ అంగడి నుంచి నిజంగానే మిక్చర్ తెప్పించి పెట్టాల్సి వచ్చింది.

ఆ పెట్టెలోని పెచ్చులు నా బొటనవేలంత లావున్నాయి. పెద్ద ఆర్కిడ్లకు సరిపోతాయేమో గానీ, మా రెండు పిలకల మొక్క అందులో ఊడబోయే పన్నులాగా కదిలేది. నాచుతో బిగిద్దామని వెతికితే పొట్లం లేదు. వంటింట్లోకి పోయి చూస్తే మా అమ్మ దానితో గిన్నెలు తోముతోంది.

"పీచు బాగుండాది పాపా. గీతలు పడటంలే. ఇంకొంచెం తెప్పీ," అంది.

ఆ రోజు నాకు ఏడుపు రావాలి. రాలేదు, పట్టుదల వచ్చింది. కాలేజీలో నేను పిల్లలకు చెప్పే పాఠాల్లో ప్రయోగం అనే మాట ఎన్నిసార్లు వస్తుందో, నేను నిజంగా చేసిన ప్రయోగాలు ఎన్నో తలచుకుంటే సిగ్గేసింది. మొక్కను తాత్కాలికంగా తడి పీచులో చుట్టి నీడలో పెట్టి, ముందు మిశ్రమం సంగతి తేల్చాలనుకున్నాను. అడుగున బొక్కలు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులు పిట్టగోడ నీడన వరసగా పేర్చి, ఒక్కో గ్లాసులో ఒక్కో కలుపు నింపాను. ఒకదాంట్లో పీచు ఎక్కువ, ఒకదాంట్లో బెరడు ఎక్కువ, ఒకదాంట్లో బొగ్గు, ఒకదాంట్లో ఇటుక ముక్కలు, ఒకదాంట్లో వడ్ల పొట్టు. అన్నిటికీ ఒకేసారి నీళ్లు పోసి, ఏది ఎప్పుడు ఆరుతుందో రోజూ పొద్దున బస్సుకు పోయేముందు చేత్తో ఎత్తి, వేలు దూర్చి చూసేదాన్ని. మొక్క లేని గ్లాసులకు నీళ్లు పోసే ఆడపిల్లను చూసి పక్కింటివాళ్లు మా అమ్మను పిలిచి నెమ్మదిగా ఏదో అడిగారు. మా అమ్మ ఏం చెప్పిందో గానీ, ఆ తర్వాత వాళ్లు నాతో చాలా మెత్తగా మాట్లాడేవాళ్లు.

తేలిందేమిటంటే, పీచు ఒక్కటే పెడితే లోపల ముద్దవుతుంది. బెరడు ఒక్కటే అయితే మా గాలికి ఆగదు. పొట్టు కొన్నాళ్లకే పులిసిపోయింది. బెరడును చిన్న ముక్కలు చేసి, పీచును కూడా పొడుగ్గా కాకుండా ముక్కలుగా కోసి, నానబెట్టి అందులోని ఉప్పు పోయేదాకా కడిగి, బొగ్గు కలిపితే కొంత దారికొచ్చింది. బెరడు కోయడానికి ఒకప్పుడు మా అవ్వ వక్కలు కత్తిరించుకున్న అడకత్తెర పనికొచ్చింది. సాయంత్రాలు నేనూ మా అత్తా వరండాలో చాప వేసుకుని, శనగ గింజంత సైజులో బెరడు కత్తిరించేవాళ్లం. మా అత్త కత్తిరించిన ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండేవి. నావి ఉండేవి కావు. ఆమె నా ముక్కలు ఏరి, మాటమాత్రం అనకుండా, మళ్లీ కత్తిరించేది.

అయినా కలుపు తేలిగ్గా ఉండి మొక్కను నిలబెట్టేది కాదు. రాయి కలపాలి. ఆళ్లగడ్డలో ఉద్యోగం చేస్తూ రాయి కోసం ఇంకెక్కడికో పోనవసరం లేదు గదా. కాలేజీ నుంచి బస్టాండుకు నడిచే దారిలో విగ్రహాలు చెక్కే షెడ్లు వరసగా ఉండేవి. పొద్దంతా ఉలి చప్పుడు. ఒక సాయంత్రం ధైర్యం చేసి ఒక షెడ్డు ముందు ఆగాను. లోపల ఒకాయన, ముక్కుకు గుడ్డ కట్టుకుని, అమ్మవారి నడుముకు వడ్డాణం చెక్కుతున్నాడు. ఆయన్ను శిల్పన్న అందాం.

"అన్నా, రాళ్లు కావాల."

"ఏ దేవుడు మేడం? ఎంత ఎత్తు?" అన్నాడు ఉలి ఆపకుండా.

"దేవుడు గాదన్నా. దేవుణ్ణి చెక్కేటప్పుడు కింద పడతాయి గదా, ఆ ముక్కలు."

అప్పుడు ఉలి ఆపాడు. ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు. "ఏమిటికి?"

"పూలమొక్కకు. కుండీలో వేసేదానికి."

"యాడ యాడ నుంచో వస్తారు ఈడికి. విగ్రహం అంటారు, పీఠం అంటారు, మండపానికి స్తంభాలంటారు. చెక్కినాక పారేసేదాని కోసం వచ్చింది నువ్వే." నేను తమాషాకు అడగడం లేదని తెలుసుకున్నాక, లేచి వచ్చాడు. "ఎంత సైజు కావాల?"

"శనగ గింజంత."

"అట్లయితే ఆ వినాయకుని కాడియి వద్దు. పొట్ట తీసేటప్పుడు లావు పెచ్చులు పడతాయి. ఇదిగో, ఈడ అమ్మవారి కాడ చూడు. నగలు చెక్కతాండా, సన్నగా పడినాయి. కావాల్సినంత ఎత్తుకో."

నేను కావాల్సినదానికన్నా చాలా ఎక్కువే ఎత్తుకున్నాను. ఆ గుడ్డసంచిని బస్సులో ఒళ్లో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కాయి. పక్కన రుద్రవరం నుంచి వస్తున్న ఒక అవ్వ సంచిని వేలితో పొడిచి చూసింది.

"శెనిగెలా పాపా?"

"రాళ్లవ్వా."

అవ్వ వేలు వెనక్కి తీసుకుంది. కొంచెం జరిగి కూర్చుంది. అంతే.

ఇంట్లో ఇంకో ముచ్చట మొదలైంది. ముక్కలు ఎక్కడివో నేను దాచలేదు. మా అమ్మ చర్చికి ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి. సంచి వైపు చూసింది, నా వైపు చూసింది.

"విగ్రహం ముక్కలు మనింట్లోకి తేవచ్చునా పాపా? వాళ్లు మొక్కే దేవుడు. మన కుండీలో పోసుకుంటే వాళ్లకు బాధ గాదా? మనకూ ఏమన్నా..."

"మొక్కే దేవుడు ఆడనే ఉండాడమ్మా, షెడ్డులో. ఇవి ఆయన వద్దన్నవి," అన్నాను.

మా నాయన పేపరు దించి, "కొండను చేసినోడు ఒకడే గదా. పొయ్యనీలే" అన్నాడు. మా అమ్మ ఆ జవాబును కొంచెంసేపు నమిలి, సరే అంది గానీ, ఆ ముక్కలను తనే స్వయంగా మంచినీళ్లతో రెండుసార్లు కడిగింది. శుభ్రం కోసమా, మర్యాద కోసమా అని నేను అడగలేదు.

అంతలో నేను ఇంకొక సంగతి చదివాను. ఈ రకం చెప్పు పువ్వు తన సొంత ఊళ్లో సున్నపురాతి గుట్టల మీద పెరుగుతుందట. చదివి తలెత్తితే ఎదురుగా మా వాకిట్లో పరిచిన నాపబండలు కనిపించాయి. మా వైపు దొరికే ఆ బండ సున్నపురాయే. పుల్లటిది పడితే సున్నపురాయి నురగ కక్కుతుంది, మిగతా రాళ్లు కక్కవు. అది నిర్ధారించుకుందామని నిమ్మకాయ కోసి, వాకిట్లో విరిగిన బండముక్క మీద ఒక చెక్క, ఆళ్లగడ్డ రాతిముక్క మీద ఒక చెక్క పిండుతూ కూర్చున్నాను. బండముక్క మీద సన్నగా బుడగలు లేచాయి. నాకు ఎంత సంతోషమేసిందంటే, గేటు దగ్గర పాస్టరుగారి భార్య వచ్చి నిలబడిన సంగతి తల ఎత్తేదాకా గమనించలేదు.

"దిష్టి తీస్తాండావా పాపా?" అంది ఆమె చాలా మృదువుగా.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కొంచెం పొడుగ్గా సాగింది.

చివరికి కలుపు కుదిరింది. చిన్న బెరడు ముక్కలు సగానికి పైగా, కడిగిన టెంకాయ పీచు ముక్కలు కొంచెం, బొగ్గు కొంచెం, ఆళ్లగడ్డ నల్లరాతి ముక్కలు, పైన చారెడు నాపబండ నలుసులు. పిట్టగోడ నీడనున్న గ్లాసుల్లో అది ఒక్కటే నాకు కావలసినట్టు ఆరింది. పైన పొడిగా కనిపిస్తుంది, వేలు దూరిస్తే లోపల చెమ్మ తగులుతుంది.

మొక్కను నాటడం ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టుకున్నాం. నేను నాటుతాననుకున్నాను. మా అత్త చేతులు మోచేతుల దాకా కడుక్కుని, వేడినీళ్లలో మరగబెట్టిన కత్తెర పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి, నేనెక్కడ నిలబడాలో నాకు అర్థమైంది. కుళ్లిన వేర్లు కత్తిరించిన చోటల్లా దాల్చినచెక్క పొడి అద్దాలని చెప్పాను. బూజు పట్టదని చదివాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

"మసాలా పడింది. ఇంగ బియ్యం పోసేదే," అన్నాడు మా నాయన గుమ్మంలో నిలబడి.

"నువ్వు గమ్మునుండప్పా," అంది మా అత్త తలెత్తకుండా. ఒక్కో వేరు చుట్టూ ముక్కలు జారవిడుస్తూ, కుండీని వేలితో తట్టి సర్దుతూ, కట్టు కట్టినంత నెమ్మదిగా నాటింది. మొక్క కదలకుండా నిలబడింది. మొదటిసారి.

ఇక అయిపోయిందనుకున్నాను. ఎండాకాలం రానే వచ్చింది. నంద్యాల ఎండ గురించి మా వైపువాళ్లకు చెప్పక్కరలేదు, ఇతరులకు చెప్పినా అర్థం కాదు. ఇంట్లో ఉన్నది ఒకటే కూలరు. అది అప్పటిదాకా మా నాయన మంచానికి ఎదురుగా ఉండేది. మా అత్త దాన్ని ఒక మధ్యాహ్నం హాల్లోకి జరిపింది, దాని గాలి నేరుగా తగలకుండా, చల్లదనం మాత్రం చేరేలా, తడి ఇసుక పోసిన పళ్లెంలో కుండీ పెట్టింది. మా నాయన కొంతసేపు పరిస్థితి గమనించి, దిండు తీసుకుని వచ్చి కుండీ పక్కన నేల మీద పడుకున్నాడు. ఆ ఎండాకాలమంతా ఆయనా మొక్కా పక్కపక్కనే. "ఇద్దరం మిక్చర్ మీద బతుకుతాండాం" అనేవాడు. రోజూ పొద్దున నేను వేలు దూర్చి చూసేదాన్ని. నా తర్వాత మా అత్త చూసేది. ఆ తర్వాత మా అమ్మ కూడా చూసేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వానలు మొదలయ్యాక నడిమధ్య నుంచి ఒక కొత్త ఆకు వచ్చింది. ఆ తర్వాత పక్క నుంచి ఒక కొత్త పిలక. ఆ ఆదివారం వీడియోకాల్‌లో కరెంటు పోలేదు. "ఇదిగో చూడు" అని ఫోను కుండీ దగ్గర పెట్టింది. కొండ సిస్టర్ చాలాసేపు చూసి, "పువ్వో?" అంది. "వస్తాది" అంది మా అత్త. ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడాది చలికాలంలో ఆకుల మధ్య నుంచి నూగు కాడ ఒకటి లేచింది. దాని చివర చిన్న మొగ్గ తల దించుకుని ఉంది. క్రిస్మస్‌కు ముందు ఆదివారం అది విచ్చుకుంది. లేతాకుపచ్చ మీద గోధుమరంగు చుక్కలు, పైరేకుకు తెల్లటి అంచు, ముందు తేనెరంగులో మెరిసే ఆ బుల్లి చెప్పు. మేం నలుగురం చర్చికి కొంచెం ఆలస్యంగా పోయాం.

మధ్యాహ్నం ఫోను మోగేసరికి మా అత్త మంచి చీరలోనే ఉంది. నేరుగా ఫోను పువ్వు వైపు తిప్పింది. అవతల కొండ సిస్టర్ మాట వినిపించలేదు. నెట్టు పోయిందేమో అనుకుని నేను ముందుకు వంగి చూస్తే, ఆమె కళ్లు తుడుచుకుంటోంది. తర్వాత చెప్పిన సంగతి నా మాటల్లో ఇది. మా అత్త వచ్చేసిన మొదటి వానాకాలంలోనే క్వార్టర్ వెనక గట్టు జారి, వాళ్ల కుండీలన్నీ మట్టిలో కలిసిపోయాయి. తల్లిమొక్క కూడా పోయింది. ఎక్కడో ఎండలో ఉన్న స్నేహితురాలు బాధపడుతుందని ఆమె ఇన్నాళ్లూ చెప్పలేదు. ప్రతి ఆదివారం "చూపించు" అని అడిగింది మా అత్తను పరీక్షించడానికి కాదు. ఇంకెక్కడా లేనిదాన్ని చూసుకోవడానికి.

మా అత్త ఫోను తన వైపు తిప్పుకుంది. తర్వాత, "అన్నిసార్లు కరెంటు పోలేదు. మొక్క సావబోయింది. నీకు చెప్పలేకపోతిని" అంది. ఆ మాట మాత్రం ఎందుకో తెలుగులోనే అంది. కొండ సిస్టర్‌కు తెలుగు రాదు. అయినా నవ్వింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత కొండ సిస్టర్ నన్ను పిలిచి, ఏం కలిపి పెంచావో చెప్పమంది. నేను గొంతు సవరించుకున్నాను. సున్నపురాతి కొండల్లో, ఆ పువ్వు పుట్టిన ఊళ్లో, పుట్టి పెరిగిన మనిషికి, బెరడు ఎంత, బొగ్గు ఎంత, రాయి ఎంత అని కొలతలతో సహా అప్పజెప్పాను. ఆమె ఎంతో శ్రద్ధగా విని, రాసుకుంది.

మొక్క ఇంకా గుబురయ్యాక, దాన్లోంచి ఒక పిలక వేరు చేశాం. దాన్ని తీసుకుని మా అత్త మళ్లీ ఆ కొండలకు బయలుదేరింది, ఈసారి చుట్టపుచూపుగా. నంద్యాల స్టేషన్లో మా నాయన పెట్టె ఎక్కించాడు. తువ్వాలులో చుట్టిన పిలక ఆమె ఒళ్లోకి చేరింది. నేను ఒక గుడ్డసంచి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. ఆమె దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, మూతి విప్పి చూసింది. అన్నీ కలిపి సిద్ధం చేసిన నా మిక్చర్, ఆళ్లగడ్డ రాళ్లతో సహా.

"ఆడ కొండలుండాయి మే. రాళ్లు దొరకవనుకుంటివా?"

"దొరుకుతాయత్తా. సైజు కుదరదు."

ఆమె సంచి మూతి బిగించి కట్టి, దాన్ని కూడా తీసుకుపోయింది. గౌహతి దాకా రైల్లో, అక్కడి నుంచి కొండ దారిన, ఆ వయసులో.

కొన్నాళ్లకు అక్కడి నుంచి ఒక ఫోటో వచ్చింది. కిటికీ గట్టు మీద కుండీ, దానికి అటొకరు ఇటొకరు మా అత్త, కొండ సిస్టర్, ఇద్దరి భుజాల మీదా ఉన్ని శాలువలు. వాళ్ల వెనక ఫోటో నిండా, ఆకాశం కనిపించకుండా, రాతికొండ. ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతూ ఎప్పుడైనా ఆ ఫోటో తలపుకొస్తే, ఆ కొండకు రాళ్లు మోయించిన పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకమ్మా ఆ పని చేశావని అడగాలనిపిస్తుంది. అడగనక్కరలేదు. ఏం చెబుతుందో నాకు తెలుసు. సైజు కుదరదని చెబుతుంది, కొంచెం కూడా నవ్వకుండా.